రాదు కాదు, ఇంకా రాలేదు

జనవరి చివరి వారం. మెస్‌లో సాంబారన్నం తిని రూముకొచ్చి ఫోన్‌లో జేఎల్‌పీటీ రిజల్ట్ ఓపెన్ చేశాను. జేఎల్‌పీటీ అంటే జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్ష. ఎన్5 నుంచి ఎన్1 వరకు ఐదు స్థాయిలుంటాయి. అందరికంటే కింది మెట్టు ఎన్5. నేను డిసెంబర్‌లో రాసింది అదే.

మొత్తం 180కి నాకు 96 వచ్చాయి. పాస్ మార్కు 80. రెండు క్షణాలు ఎగిరి గంతేశాను. మూడో క్షణంలో కింద ఉన్న మాట కనిపించింది: ఫెయిల్.

సంగతేమిటంటే, ఈ పరీక్షలో మొత్తం వస్తే సరిపోదు, ప్రతి విభాగంలోనూ కనీస మార్కులు రావాలి. చదవడం, పదాలు, వ్యాకరణం కలిపి 120కి 38 రావాలి, నాకు 79 వచ్చాయి. వినడంలో 60కి 19 రావాలి, నాకు 17. రెండు మార్కులు! మన సెమిస్టర్ పరీక్షల్లోలా గ్రేస్ మార్కులూ, రీవాల్యుయేషనూ ఏమీ లేవు. మళ్లీ మొదటి నుంచి మొత్తం రాయాల్సిందే.

పక్క మంచం మీదున్న మా రూమ్మేట్ ఓదార్పుగానే అన్నాడు, "వదిలెయ్‌రా. మనలాంటోళ్లకి భాషలు రావు. అదో జీన్ ఉండాలి." వాడి మీద నాకు కోపం రాలేదు. ఎందుకంటే ఆ మాట నేను నాకే మూడేళ్లుగా చెప్పుకుంటున్నాను.

అంతలో నాన్న ఫోన్ చేశాడు. "ఏరా, ఆ జపాన్ పరీక్ష ఏమైంది?" అన్నాడు. ఫీజు కట్టింది ఆయనే మరి. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "రిజల్ట్ ఇంకా రాలేదు నాన్నా" అన్నాను.

అబద్ధం చెప్పడానికి నా నోటికి అంత సులువుగా ఎందుకొచ్చింది? ఆ ప్రశ్న వెంట పడి చదివినవీ, తర్వాత ఆరు నెలల్లో చేసి చూసినవీ మీతో పంచుకుందామని ఈ వ్యాసం. మీలో జర్మన్ క్లాసులో చేరి "డెర్, డీ, డాస్" దగ్గర ఆగిపోయినవాళ్లు ఉండొచ్చు. ఇంగ్లీషులో వైవా అంటేనే చెమటలు పట్టేవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉండొచ్చు. ఇది మీ అందరి కోసం.

తెలివైనవాడు అనే బిరుదు

పదో తరగతి దాకా నేను తెలుగు మీడియం. మా ఊళ్లో నా పేరు కంటే "తెలివైనోడు" అనే పేరే ఎక్కువ వాడుకలో ఉండేది. "వీడికి పుట్టుకతోనే వచ్చిందండీ" అని మా మేనత్త వచ్చినవాళ్లందరికీ చెప్పేది. వినడానికి ఎంత బాగుండేదో!

ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో ఇంగ్లీషులో సెమినార్ ఇవ్వాల్సి వచ్చింది. మూడో వాక్యం దగ్గర మాట దొరకలేదు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. చేతిలో కాగితం మడిచి కూర్చుండిపోయాను. ఆ రోజు నుంచి క్లాసులో నాకు జవాబు తెలిసినా చెయ్యెత్తలేదు. "నాకు భాషలు రావు" అని ఒక తీర్పు రాసేసుకుని కింద సంతకం పెట్టేశాను. తెలివైనోడు అనే పేరు పోకుండా ఉండాలంటే, ఓడిపోయే ఆటే ఆడకూడదు కదా.

నాలాంటి పిల్లల మీద చాలా కాలం క్రితమే ఒక ప్రయోగం జరిగిందని తర్వాత తెలిసింది. అమెరికాలో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో ప్రచురించిన పరిశోధన అది. ఐదో తరగతి పిల్లలకు కొన్ని పజిల్స్ ఇచ్చారు. అయ్యాక అందరికీ బాగా చేశారనే చెప్పారు. కాకపోతే కొందరితో "నువ్వు చాలా తెలివైనవాడివి" అన్నారు, మరికొందరితో "నువ్వు బాగా కష్టపడ్డావు" అన్నారు. తేడా ఆ ఒక్క వాక్యమే.

తర్వాత అందరికీ బాగా కష్టమైన పజిల్స్ ఇచ్చారు, అందరూ తడబడ్డారు. ఆ తర్వాత మళ్లీ మొదటి వాటిలాంటి సులువైనవే ఇచ్చారు. "తెలివైనవాళ్లు" అనిపించుకున్న పిల్లలు మొదటిసారి కంటే తక్కువ చేశారు. "కష్టపడ్డారు" అనిపించుకున్నవాళ్లు మొదటిసారి కంటే బాగా చేశారు. అన్నిటికంటే నన్ను పట్టుకున్న విషయం ఇంకొకటి ఉంది. మీ మార్కులు వేరే స్కూలు పిల్లలకు రాసి చెప్పండి అన్నప్పుడు, తెలివిని పొగిడించుకున్న గుంపులోనే ఎక్కువమంది మార్కులు పెంచి రాశారు. ఎదుటివాళ్లు ఎవరో కూడా తెలియదు, అయినా అబద్ధం!

అది చదివినప్పుడు "రిజల్ట్ ఇంకా రాలేదు నాన్నా" అన్న నా గొంతు నాకే వినపడింది.

డ్వెక్ తర్వాత 2006లో తన పుస్తకంలో ఈ రెండు రకాల ఆలోచనలకు పేర్లు పెట్టి విడమరిచి చెప్పింది. సామర్థ్యం అనేది పుట్టుకతో వచ్చిన గిన్నె, దాని సైజు మారదు అనుకోవడం ఫిక్స్‌డ్ మైండ్‌సెట్. సాధనతో, మంచి పద్ధతితో, ఇతరుల సాయంతో అది పెరుగుతుంది అనుకోవడం గ్రోత్ మైండ్‌సెట్. మొదటి రకంవాడికి తప్పు అంటే బండారం బయటపడటం. రెండో రకంవాడికి తప్పు అంటే ఎక్కడ పని చెయ్యాలో చూపించే గుర్తు.

"రాదు" అనే మాటలో ఉన్న మెలిక

మన తెలుగులో ఒక చిత్రం ఉంది. భాషను మనం "తెలుసుకోం", అది మనకు "వస్తుంది". "నాకు తెలుగు వచ్చు. నాకు హిందీ రాదు." భాషేదో దానంతట అదే నడుచుకుంటూ మన ఇంటికి రావాలన్నట్టు! జపనీస్‌లోనూ ఇంచుమించు ఇంతే. "వతాషి వ నిహొంగొ గ దెకిరు" అనే వాక్యంలో కర్త స్థానంలో ఉండేది నేను కాదు, భాష.

ఇక "రాదు" అన్నామనుకోండి. అది ఇప్పటి మాటా, రేపటి మాటా కూడా. "నాకు ఇంగ్లీషు రాదు" అంటే ఇప్పుడు రాదనీ అర్థమే, ఇకముందు రాదనీ అర్థమే. ఒకే క్రియ రెండు కాలాలకూ తాళం వేసేస్తుంది. ఊళ్లో బస్టాప్‌లో నిలబడ్డప్పుడు ఎవరైనా "బస్సు రాదు" అంటే సంచి భుజానేసుకుని ఇంటికెళ్లిపోతాం. "బస్సు ఇంకా రాలేదు" అంటే నిలబడతాం. రోడ్డు మీద మార్పేమీ లేదు, మన కాళ్లు చేసే పని మాత్రం మారిపోయింది.

డ్వెక్ కూడా ఈ "ఇంకా" అనే చిన్న మాటను చాలా చోట్ల నొక్కి చెబుతుంది. మన భాషలో ఆ మాట పని మరీ తేటగా కనిపిస్తుంది. "నాకు వినడం రాదు" అనేది తీర్పు. "నాకు వినడం ఇంకా రాలేదు" అనేది ప్రోగ్రెస్ రిపోర్టు.

అయితే బస్టాప్ పోలిక ఒక చోట ఆగిపోతుంది. బస్సు మనం నిలబడితే వస్తుంది. భాష నిలబడితే రాదు, మనమే ఎదురెళ్లాలి. అందుకే కాబోలు మన భాషలోనే ఇంకో మాట ఉంది: నేర్చుకోవడం. ఆ చివరనున్న "కొను" మనకు మనమే చేసుకునే పనులకు వస్తుంది, వండుకోవడం, ఉతుక్కోవడంలాగా. హాస్టల్‌వాళ్లకి ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

విదేశీ భాషలోనే ఇంత సిగ్గెందుకు?

లెక్క తప్పితే లెక్క తప్పింది అనుకుంటాం. కోడ్‌లో సెమికోలన్ మర్చిపోతే కంపైలర్ ఎర్రర్ చూపిస్తుంది, సరిచేసి మళ్లీ రన్ చేస్తాం. "నాకు సెమికోలన్ జీన్ లేదు" అని ల్యాప్‌టాప్ మూసెయ్యం. భాషలో తప్పు మాత్రం మన మీద పడ్డట్టు ఉంటుంది. కారణం సులువే. మన ఆలోచనలకు ఇరవై ఏళ్లు, ఆ భాషలో మన మాటలకు మూడేళ్లు. తెలుగులో జోకులేసి పదిమందిని నవ్వించేవాడు, జపనీస్‌లో "నా పేరు ఇది, నాకు యాపిల్ ఇష్టం" దగ్గర ఆగిపోతాడు. మనం మనలా కనిపించం. ఆ బాధ నిజమైనదే. విదేశీ భాషా తరగతిలో పుట్టే ఈ ఆందోళనను కొలవడానికి హోర్విట్జ్, ఆమె సహ పరిశోధకులు 1986లోనే 33 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. అంటే ఇది మీ ఒక్కరి జబ్బు కాదు, ప్రపంచమంతా ఉన్నదే.

ఇంకో కారణం, మనం లెక్క వేసుకోకపోవడం. అమెరికా తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పే సంస్థ అంచనా ప్రకారం, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు జపనీస్‌లో ఉద్యోగానికి సరిపడా పట్టు సాధించాలంటే సుమారు 2200 తరగతి గంటలు కావాలి. నేను శనివారం క్లాసుకి వెళ్లింది వారానికి రెండు గంటలు, పదిహేను వారాలు. మొత్తం 30 గంటలు. 2200లో 30 అంటే నూటికి ఒకటిన్నర కూడా కాదు. ఎన్5కి అంత పట్టు అక్కర్లేదనుకోండి. అయినా ఒకటిన్నర శాతం ఛార్జింగ్ పెట్టి ఫోన్ ఆన్ కాలేదని జీన్స్‌ని తిట్టాను నేను!

నాన్న అడిగిన ప్రశ్న

సంక్రాంతి సెలవులు అయిపోయాయి కాబట్టి ఇంటికెళ్లింది ఫిబ్రవరి రెండో శనివారం. రాత్రి అన్నం దగ్గర కూర్చుని నిజం చెప్పేశాను. రిజల్ట్ వచ్చింది, పోయింది, అబద్ధం చెప్పాను అని.

మా నాన్న లారీ డ్రైవర్. నూజివీడు మామిడికాయల లోడుతో ఉత్తరాదికి వెళ్లేవాడు. ఆయన చదువు ఏడో తరగతి. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది "ఎందుకు పోయింది?" అని కాదు. "ఎక్కడ పోయింది?" అని.

"వినడంలో నాన్నా. రెండు మార్కులు."

"మరి వినడం ఎంతసేపు చేశావ్?"

నా దగ్గర జవాబు లేదు. పుస్తకం ఎంతసేపు చదివానో చెప్పగలను. వినడం ప్రత్యేకంగా చేసిందే లేదు. అప్పుడాయన తన కథ చెప్పాడు. మొదటిసారి నాగపూర్ దాటాక లారీ టైరు పేలింది. పంక్చర్ షాపువాడికి హిందీలో చెప్పాలి. "టైర్ మర్ గయా" అన్నాడట, టైరు చచ్చిపోయింది అని. షాపులో అందరూ పడీ పడీ నవ్వారు. నవ్వి, "మర్ గయా నహీ, ఫట్ గయా" అన్నారు. "ఆ మాట ఇరవయ్యేళ్లయినా మర్చిపోలేదురా. నవ్వినోడే నేర్పాడు" అన్నాడు నాన్న. ఈ రోజు ఆయన హిందీ, మరాఠీ, కన్నడ మాట్లాడతాడు. రాయడం రాదు. "నీకు నాలుగు భాషలొచ్చు కదా" అంటే మాత్రం ఒప్పుకోడు. "నాకేం వచ్చురా, ఏదో దారి మీద అవసరానికి" అంటాడు.

భాషలు రాని వంశం అనుకున్నాను. నాలుగు భాషల మనిషి ఎదురుగా కూర్చుని మజ్జిగన్నం తింటున్నాడు.

ఎక్కడ పోయిందో వెతకడం

ఇక్కడే ఒక హెచ్చరిక. గ్రోత్ మైండ్‌సెట్ అంటే "నేను చేయగలను, నేను చేయగలను" అని అద్దంలో చూసి జపం చెయ్యడం కాదు. చాలా అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణలో, మైండ్‌సెట్‌కీ మార్కులకీ మధ్య సంబంధం మొత్తం మీద బలహీనంగానే తేలింది. 2019లో అమెరికాలో సుమారు 12 వేలమంది తొమ్మిదో తరగతి పిల్లలతో చేసిన పెద్ద అధ్యయనంలో, గంటలోపు ఆన్‌లైన్ పాఠంతో వెనకబడిన పిల్లల గ్రేడ్లు పెరిగాయి, కానీ పెరిగింది కొద్దిగానే. డ్వెక్ కూడా వట్టి కష్టాన్ని పొగడొద్దనీ, పనిచేయని పద్ధతిని పట్టుకుని వేలాడొద్దనీ చెప్పింది. నమ్మకం తలుపు తీస్తుంది. లోపలికి నడవాల్సింది పద్ధతితోనే.

నా పద్ధతి ఎక్కడ తప్పిందో చూద్దాం. జపనీస్‌లో "యొక్కా" అంటే నెలలో నాలుగో తారీఖు. "యోకా" అంటే ఎనిమిదో తారీఖు. ఒకదానిలో ఒత్తు, ఇంకోదానిలో దీర్ఘం. "ఇచిజి" అంటే ఒంటిగంట, "షిచిజి" అంటే ఏడు గంటలు. పరీక్షలో ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. తారీఖు ఏదా అని నేను ఆలోచించే లోపు తర్వాతి ప్రశ్న వచ్చేసేది. అదీకాక పుస్తకంలో "దెసు" అని రాసి ఉంటే నేను తెలుగువాడిలా చివరి ఉకారం కూడా నిండుగా పలికి అలవాటు చేసుకున్నాను. వాళ్లు మాట్లాడేటప్పుడు అది "దెస్" అయిపోతుంది. "కిమాషిత" కాస్తా "కిమాష్త" లాగా వినపడుతుంది. మనం "ఏమిటి ఇది" అని రాసి "ఏంటిది" అని మాట్లాడినట్టే. అంటే నాకు ఆ మాటలు తెలుసు. తెలిసిన మాటల్ని చెవి గుర్తుపట్టలేదు.

చెవిని పెద్దయ్యాక మార్చగలమా? దీనికి జవాబు జపాన్‌వాళ్ల దగ్గరే ఉంది. ఇంగ్లీషులో "ర", "ల" శబ్దాల తేడా జపనీయులకు వినపడటం చాలా కష్టం. వాళ్ల భాషలో ఆ తేడా లేదు. లోగన్, లైవ్లీ, పిసోనీ అనే పరిశోధకులు 1991లో ప్రచురించిన ప్రయోగంలో, పెద్దవయసు జపనీయులకు ఆ శబ్దాలున్న మాటలను ఒక్కరి గొంతుతో కాకుండా అనేకమంది గొంతులతో, తప్పొప్పులు వెంటనే చెబుతూ కొన్ని వారాలు వినిపించారు. వాళ్ల గుర్తింపు మెరుగైంది. పుట్టి పెరిగిన చెవి కూడా కదిలింది! యాస పూర్తిగా పోకపోవచ్చు, అందరికీ ఒకే వేగంతో రాకపోవచ్చు. కానీ "ఇంతే ఇక" అనడానికి వీల్లేదు.

నేను విన్నది మా క్లాసు టీచర్ గొంతు ఒక్కటే. అందుకే ఫిబ్రవరి నుంచి ఇవి చేశాను:

మొదటిది, రోజుకి ఇరవై నిమిషాలు రకరకాల గొంతులు వినడం. ఆడవాళ్లు, మగవాళ్లు, ముసలివాళ్లు, చిన్నపిల్లలు. ఒక్క నిమిషం ఆడియో తీసుకుని, విన్నది హిరగానాలో రాసి, తర్వాత అసలు పాఠంతో పోల్చుకునేవాణ్ని.

రెండోది, తప్పుల పుస్తకం. పేజీలో మూడు గడులు గీశాను. "మాట తెలీదు", "తెలుసు కానీ వినపడలేదు", "వినపడింది కానీ అర్థమయ్యేసరికి ఆలస్యమైంది". ప్రతి తప్పూ ఏదో ఒక గడిలో పడాలి. నాలుగు వారాలయ్యాక చూస్తే రెండో గడి నిండిపోయింది, మొదటి గడి దాదాపు ఖాళీ. అంటే ఇంకా ఇంకా పదాలు బట్టీ పట్టడం దండగ. "నాకు రాదు" అనే పెద్ద బండ, "ఒత్తులూ దీర్ఘాలూ పట్టుకోవాలి" అనే చిన్న రాయి అయిపోయింది. చిన్న రాయిని ఎవరైనా ఎత్తగలరు.

మూడోది, చదివిందే చదవడం మానేసి నన్ను నేను పరీక్షించుకోవడం. రోడిగర్, కార్పికే 2006లో చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివిన విద్యార్థులు ఐదు నిమిషాల తర్వాత బాగా గుర్తుపెట్టుకున్నారు. వారం తర్వాత మాత్రం, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించినవాళ్లే ముందున్నారు. పరీక్షకి ముందు రాత్రి మనకు "అంతా వచ్చేసింది" అనిపించడానికీ, సెలవుల తర్వాత ఏమీ గుర్తులేకపోవడానికీ కారణం ఇదే. మర్చిపోయి, తడుముకుని, తెచ్చుకున్నదే నిలుస్తుంది.

మన చేతిలో ఉన్న తాళంచెవి

ఇంకో సంగతి. మనం "భాష రాదు" అనుకునేటప్పుడు మన దగ్గర ఇప్పటికే ఉన్న ఆస్తిని లెక్కలోకి తీసుకోం. ఈ వాక్యం చూడండి: "నేను నిన్న హైదరాబాద్ నుంచి రైల్లో వచ్చాను." జపనీస్‌లో "వతాషి వ, కినో, హైదరాబాదో కరా, దెన్షా దె, కిమాషిత." ఏ మాట స్థానంలో ఆ మాట! "కరా" మన "నుంచి", "దె" మన "లో". మాట వెనకే ప్రత్యయం, వాక్యం చివర క్రియ. ఇంగ్లీషువాడు ఇదే చెప్పాలంటే వాక్యాన్ని తలకిందులు చెయ్యాలి.

"తిని చూడు" అంటాం కదా, చూడటానికీ తినడానికీ సంబంధం లేకపోయినా. జపనీస్‌లో అది "తబెతె మిరు". "తబెతె" అంటే తిని, "మిరు" అంటే చూడటం. "గొహన్" అంటే అన్నం, భోజనం కూడా. "అన్నం తిన్నావా" అని మనం రొట్టె తిన్నవాణ్ని కూడా అడిగినట్టే. పేరు చివర "సాన్" మన "గారు". మన పేరుకు మనమే తగిలించుకుంటే నవ్వుతారు, అదీ మనలాగే. ఇక "యొక్కా", "యోకా"ల తేడా అంటారా? "పతి"కీ "పత్తి"కీ, "పడు"కీ "పాడు"కీ తేడా వినే చెవి మనది. నా చెవి ఆ పని చిన్నప్పటి నుంచి చేస్తూనే ఉంది. జపనీస్‌లో చెయ్యమని దానికి నేనే చెప్పలేదు.

ఈ రెండు భాషలూ చుట్టాలని నేననడం లేదు. కంజీ అక్షరాలు మనకూ కష్టమే, రోజువారీ వాడుకకు జపాన్ ప్రభుత్వం ఖరారు చేసిన జాబితాలోనే 2136 ఉన్నాయి. ఎన్5కి సుమారు వంద చాలు. వాటిలోనూ సరదా ఉంది. ఒక చెట్టు బొమ్మ "కి", రెండు చెట్లు పక్కపక్కన పెడితే "హయాషి", తోపు. మూడు పెడితే "మోరి", అడవి. సున్నా నుంచి మొదలుపెడుతున్నాం అనుకోవడం తప్పని చెప్పడమే నా ఉద్దేశం. మాతృభాష బాగా వచ్చినవాడు ఏ భాషకీ ఖాళీ చేతులతో వెళ్లడు.

పక్కవాడికి మనం ఏం చెప్పాలి?

ఈ సెమిస్టర్‌లో జపనీస్ క్లాసుకి కొత్తగా వచ్చిన జూనియర్ ఒకడు మూడో వారం నా దగ్గరికొచ్చి, "అన్నా, మానేస్తున్నా. నాకు భాషలు రావు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "అలా అనకు, నువ్వు తెలివైనోడివి" అనబోయి ఆగాను. నాన్న ప్రశ్న గుర్తొచ్చింది. "ఎక్కడ ఆగింది?" అని అడిగాను. హిరగానాలో దగ్గరగా కనిపించే అక్షరాలు కలిసిపోతున్నాయట. అంతే! 46 అక్షరాల్లో ఓ ఐదారు. తెలుగు నేర్చుకునేటప్పుడు "మ"కీ "య"కీ, "ప"కీ "వ"కీ తడబడని వాళ్లెవరు?

అందుకే సీనియర్లకి, స్నేహితులకి నా మనవి ఇది. "నీకు భాషలు బాగా వస్తాయిరా" అనకండి. అది తియ్యటి ఉచ్చు. "నిన్న తడబడ్డ వాక్యం ఇవాళ ఆగకుండా చెప్పావు" అనండి. ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో సరిచెయ్యకండి. వాక్యం ముగించనివ్వండి, తర్వాత ఒకే ఒక్క తప్పు చెప్పండి. నవ్వు వస్తే నవ్వండి పర్లేదు, కానీ ఆ పంక్చర్ షాపువాళ్లలా నవ్వండి. నవ్వి, సరైన మాట చేతిలో పెట్టండి. మీ పాస్ సర్టిఫికెట్లు స్టేటస్ పెట్టినట్టే, మీ ఫెయిల్ కథలు కూడా జూనియర్లకి చెప్పండి. మా బ్యాచ్‌లో ఎన్5 పోయిన మొదటివాణ్ని నేనే అనుకున్నాను. ఈ కథ చెప్పాక ఇద్దరు సీనియర్లు "మాకూ పోయింది" అన్నారు. ముందే చెప్పి ఉంటే నాన్నకి ఆ అబద్ధం చెప్పేవాణ్ని కాదేమో.

జపనీయులు ఎవరైనా మీ భాష బాగుందని మెచ్చుకుంటే చెప్పే మర్యాద జవాబు ఒకటుంది: "మదా మదా దెస్." "మదా" అంటే ఇంకా. ఇంకా ఉంది, ఇంకా చాలా ఉంది అని. వాళ్లకది వినయం. నాకు మాత్రం అదొక ధైర్యం.

జులై మొదటి ఆదివారం మళ్లీ ఎన్5 రాశాను. ఆడియోలో ఒక చోట తారీఖు అడిగారు. "యోకా" అని స్పష్టంగా వినపడింది, ఎనిమిది అని గుర్తుపెట్టాను. మిగతావి ఏమయ్యాయో చూడాలి. నిన్న నాన్న ఫోన్ చేసి, "ఏరా, ఆ జపాన్ పరీక్ష ఏమైంది?" అన్నాడు.

"రిజల్ట్ ఇంకా రాలేదు నాన్నా" అన్నాను.

ఈసారి నిజంగానే రాలేదు.